డీ750 నుంచి మిర్రర్‌లెస్‌కి: నికాన్‌లోనే ఉండాలా, సోనీకి దూకాలా, కేనన్ చూడాలా?

గోదారి_క్లిక్స్
రాజమండ్రిలో చిన్న స్టూడియో నాది. నేను, ఒక అసిస్టెంటు. సొంత ఆర్డర్లు కొన్ని, మిగతా రోజుల్లో పెద్ద స్టూడియోలకి జాబ్ వర్క్, అంటే వాళ్ల ఆర్డర్లకి వెళ్లి తీసిపెట్టడం. ఇప్పుడు చేతిలో ఉన్నవి నికాన్ డీ750 (లోపల అద్దం ఉండే రకం, డీఎస్ఎల్ఆర్), బ్యాకప్‌కి డీ7200, లెన్సులు 24-70 ఎఫ్2.8జీ, 80-200 ఎఫ్2.8డీ, 85 ఎఫ్1.8డీ, 50 ఎఫ్1.8జీ, రెండు గోడాక్స్ ఫ్లాష్‌లు. ఫోటోల వరకు నాకు ఏ లోటూ లేదు. కానీ డీ750 2014 నాటి బాడీ, అందులో 4కే లేదు, ఇప్పుడు ప్రతి పార్టీ 4కే హైలైట్స్, రీల్స్ అంటోంది. పైగా జాబ్ వర్క్‌కి ఫోన్ చేసే స్టూడియో వాళ్లు "ఖాళీగా ఉన్నావా" కంటే ముందు "సోనీ ఉందా" అని అడుగుతున్నారు, అక్కడ కాలుతోంది.

బడ్జెట్ మూడు లక్షలు, గట్టిగా లాగితే మూడున్నర. మనసులో ఉన్న మిర్రర్‌లెస్‌లు, అంటే అద్దం లేని కెమెరాలు, నికాన్ జెడ్6 త్రీ, సోనీ ఏ7 ఫోర్, కేనన్ ఆర్6 మార్క్ టూ. ఇప్పుడు మూఢం కాబట్టి ఖాళీ, ముహూర్తాలు మొదలయ్యేలోపు కొనేసి చెయ్యి అలవాటు చేసుకోవాలి. యూట్యూబ్‌లో చూస్తే ఏ వీడియో చూసినప్పుడు ఆ కెమెరానే బాగుందనిపిస్తోంది. వాడేవాళ్లు చెప్పండి.

ముహూర్తం_మూడింటికి
బ్రాండ్ సంగతి తర్వాత. నీ సంపాదనలో జాబ్ వర్క్ ఎంత, సొంత ఆర్డర్లు ఎంత? అది తెలియకుండా ఎవరేం చెప్పినా గాల్లో లెక్కే.

గోదారి_క్లిక్స్
సీజన్‌లో సగం సగం. సీజన్ కానప్పుడు జాబ్ వర్కే ఎక్కువ. ఓణీల ఫంక్షన్లు, బర్త్‌డేలు, గృహప్రవేశాలు మాత్రం సొంతంగా వస్తాయి.

వరంగల్_వైడ్
సోనీ తీసుకో అన్నా, ఇంకా ఆలోచించేది ఏముంది. నేను డీ610 అమ్మేసి ఏ7 త్రీకి వచ్చిన, ఇప్పుడు ఏ7 ఫోర్ మీద ఉన్న. మా దిక్కు ఏ పెళ్లికి పోయినా నలుగురు షూటర్లుంటే ముగ్గురి చేతుల్లో సోనీయే ఉంటది. బ్యాటరీ అయిపోతే పక్కోడిని అడుగుతా, లెన్సు కావాలంటే మార్చుకుంటం, ఎడిటర్‌కి అందరి ఫుటేజ్ ఎస్-లాగ్ 3లోనే, అంటే తర్వాత రంగులు దిద్దుకునే (గ్రేడింగ్) సోనీ పద్ధతిలో, పోతది కాబట్టి వాడు కూడా తిట్టడు. ఒక్క కేనన్ వాడు మధ్యలో వచ్చిండంటే ఆ క్లిప్పులకు మళ్లీ వేరే గ్రేడింగ్.

పాత_రీలు
అంటే నలుగురిలో ముగ్గురు వాడుతున్నారని కొనాలా? నేను ఫిల్మ్ కెమెరా ఎఫ్ఎం2తో పెళ్లిళ్లు తీసినవాడిని. అప్పట్లో కూడా "అందరూ ఇదే వాడుతున్నారు" అనే మాట ఉండేది, బ్రాండు పేరే మారుతూ వచ్చింది. నికాన్ ఎఫ్ మౌంట్ (బాడీకి లెన్సు బిగించే చోటు) 1959లో వచ్చింది. కేనన్ 1987లో తన పాత ఎఫ్‌డీ మౌంట్ పక్కన పెట్టి ఈఎఫ్ తెచ్చింది, ఎఫ్‌డీ లెన్సులు కొన్నవాళ్లు అప్పుడు గోల పెట్టారు. మినోల్టా కెమెరాల వ్యాపారం 2006లో సోనీ చేతికి పోయింది. ఎవరికీ ఎవరూ శాశ్వతం కాదు బాబూ. నీ దగ్గర లెన్సులున్నాయి, బాడీ ఒక్కటి మార్చుకుని పని చేసుకో.

కొల్లేరు_కొంగ
@పాత_రీలు మాస్టారూ, చెప్పినంత తేలిక కాదు. నికాన్ జెడ్, అంటే మిర్రర్‌లెస్ బాడీకి ఎఫ్ మౌంట్ లెన్సు పెట్టాలంటే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ కావాలి. ఏఎఫ్-ఎస్ లెన్సులైతే ఆటోఫోకస్ చక్కగా చేస్తాయి, ఎందుకంటే మోటర్ లెన్సులోనే ఉంటుంది. ఏఎఫ్-ఎస్ అని లేకుండా 'డీ' అని రాసి ఉన్న నీలాంటి పాత లెన్సులకి మోటర్ ఉండదు, బాడీలోని స్క్రూ తిరిగితే లెన్సు తిరుగుతుంది. ఆ స్క్రూ అడాప్టర్‌లో లేదు, ఏ జెడ్ బాడీలోనూ లేదు.

అంటే @గోదారి_క్లిక్స్ నీ నాలుగింట్లో 24-70, 50 బతుకుతాయి. 80-200, 85 రెండూ మాన్యువల్ ఫోకస్ అయిపోతాయి. ఈ ముక్క షాపు వాడు చెప్పడు, "నికాన్ లెన్సులన్నీ పడతాయి సార్" అంటాడు. పడతాయి, నిజమే.

గోదారి_క్లిక్స్
అయ్యో. 80-200 నా అన్నం గిన్నె. అప్పగింతలప్పుడు దూరం నుంచి ఏడుపులన్నీ దాంతోనే తీస్తా.

ముహూర్తం_మూడింటికి
అయితే నీ లెక్క మారిపోయింది. "లెన్సులున్నాయి కాబట్టి నికాన్" అనే వాదనలో సగం పోయింది. ఇప్పుడు మూడు బ్రాండ్లూ నీకు దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి.

కొల్లేరు_కొంగ
సగమే పోయింది. పెళ్లిలో ఎక్కువసేపు కెమెరాకి ఉండేది 24-70యే కదా, అది నిలబడుతోంది. సోనీకి పోతే మొదటి రోజే ఒక స్టాండర్డ్ జూమ్ కొనాలి.

తమాషా ఏంటంటే ఆ స్క్రూ లెన్సులకి సోనీ బాడీ మీద ఆటోఫోకస్ ఇచ్చే అడాప్టర్ వేరే చిన్న కంపెనీ ఒకటి చేసింది. నికాన్ మాత్రం తన లెన్సులకి తను చేయలేదు. ఆ అడాప్టర్‌ని నమ్ముకుని పెళ్లికి వెళ్లమని మాత్రం నేను చెప్పను.

పాపాయి_ఫ్రేమ్స్
కేనన్ పేరు ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి నేను ఎత్తుతాను. వైజాగ్‌లో న్యూబార్న్, మెటర్నిటీ షూట్లు చేస్తాను, ఆదివారాలు పెళ్లిళ్లు. 6డీ నుంచి ఆర్6 మార్క్ టూకి వచ్చాను. పైన చెప్పిన స్క్రూ గొడవ కేనన్‌లో లేదు, ఈఎఫ్ మౌంట్‌లో మొదటి నుంచీ మోటర్ లెన్సులోనే. అడాప్టర్ పెడితే పాత 85, పాత 70-200 కొత్త బాడీ మీద ఇంకా బాగా పని చేస్తున్నాయి, కంటి మీద ఫోకస్ పట్టి వదలవు. అందుకని పాత కేనన్ వాళ్లకి నేను కళ్లు మూసుకుని కేనన్ చెబుతాను.

కానీ మీ దగ్గర ఒక్క ఈఎఫ్ లెన్సు కూడా లేదు. నాకు కలిసొచ్చింది మీకు రాదు. ఆర్ఎఫ్ (కేనన్ మిర్రర్‌లెస్ మౌంట్) లెన్సులు ఖరీదు. సిగ్మా, టామ్రాన్ 2024లో ఆర్ఎఫ్‌కి వచ్చాయి గానీ అవి చిన్న సెన్సర్ బాడీల కోసం చేసినవి. మన ఫుల్ ఫ్రేమ్‌కి (పెద్ద సెన్సర్) బయటి కంపెనీల ఆటోఫోకస్ జూములు సోనీకి దొరికినట్టు దొరకవు.

వరంగల్_వైడ్
కేనన్ మేడమే కేనన్ వద్దంటున్నరు, ఇంకేం కావాలి 😀

పాపాయి_ఫ్రేమ్స్
వద్దనలేదు. సెకండ్ హ్యాండ్‌లో ఈఎఫ్ లెన్సులు ఇప్పుడు కుప్పలుగా వస్తున్నాయి, అందరూ అమ్ముకుంటున్నారు కదా. ఆర్6 మార్క్ టూ, అడాప్టర్, వాడిన 70-200 కలిపి లెక్క వేసుకుని చూడమంటున్నాను. బాడీ చేతిలో ఇమిడే తీరు, మెనూ సులువు, చర్మం రంగు, ఈ మూడింట్లో నాకు కేనన్ నచ్చుతుంది.

ఎడిటింగ్_సత్తి
చర్మం రంగు అని మళ్లీ మొదలెట్టారా. రోజూ మూడు బ్రాండ్ల రా ఫైళ్లూ (కెమెరా రంగులు దిద్దకుండా ఇచ్చేవి) నా దగ్గరికి వస్తాయి. సరిగ్గా ఎక్స్‌పోజ్ చేసి, వైట్ బ్యాలెన్స్ కెల్విన్‌లో లాక్ చేసి తీస్తే ఆల్బమ్ అయ్యాక ఏది ఎవరిదో తీసినవాడే చెప్పలేడు. మంగళస్నానాల దగ్గర పసుపు బట్టలు, పసుపు పూలు, పసుపు షామియానా, మధ్యలో పసుపు రాసుకున్న పెళ్లికూతురు. ఆటో వైట్ బ్యాలెన్స్ పెడితే ఏ బ్రాండైనా ఫోటోకో రంగు ఇస్తుంది. తప్పు కెమెరాది కాదు, డయల్ తిప్పనివాడిది.

పాపాయి_ఫ్రేమ్స్
రా ఫైళ్లకి ఒప్పుకుంటా. కానీ పెళ్లివాళ్లు ఆ రాత్రికే స్టేటస్ పెట్టుకోవడానికి ఫోటోలు అడుగుతారు. అవి కెమెరాలోంచి వచ్చిన జేపెగ్‌లే పోతాయి, మీ లైట్‌రూమ్ దాకా రావు.

ఎడిటింగ్_సత్తి
అది పాయింటే.

బెజవాడ_బ్యాటరీ
మెగాపిక్సెళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఏ7 ఫోర్‌కి 33, మిగతా రెండింటికి 24. ఆల్బమ్‌కి తేడా కనిపిస్తుందా?

ఎడిటింగ్_సత్తి
మన కరిజ్మా ఆల్బమ్ షీటు 12x36 అంగుళాలు. అందులో ఒక పేజీ, అంటే 12x18, 300 డీపీఐలో (అంగుళానికి చుక్కలు) వేయాలంటే 5400x3600 చాలు. 24 మెగాపిక్సెళ్ల ఫైలు 6000x4000, కాబట్టి సరిపోతుంది. ఒకే ఫోటోని షీటు మొత్తం పరిస్తే 24కి 166 డీపీఐ, 33కి 194 దాకా వస్తుంది. ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని చూసే అత్తగారికి ఆ తేడా తెలియదు. బాగా క్రాప్ చేసేవాడికి 33 పనికొస్తుంది, అంతే. దానికి తగ్గట్టు హార్డ్ డిస్కులు కూడా కొనుక్కోవాలి.

వీడియో ఫైళ్ల గురించి మాత్రం ఒక మాట. కొత్త బాడీల్లో 10-బిట్ 4:2:2 హెచ్.265లో (రంగుల వివరం ఎక్కువ, బాగా కుదించిన ఫైలు) తీసి తెచ్చిస్తారు, నా సిస్టమ్ ముక్కుతుంది. ఆ రకం ఫైలుని ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ సులువుగా విప్పుతుంది, ఎన్‌విడియాలో అయితే 50 సిరీస్ వచ్చేదాకా ఆ సౌకర్యం లేదు. కాబట్టి కెమెరా కొనేవాడు తన ఎడిటర్‌ని, లేదా తన కంప్యూటర్‌ని ముందు అడగాలి. మూడు లక్షలు కెమెరాకి పెట్టి పాత పీసీ మీద టైమ్‌లైన్ లాగలేక ఏడ్చేవాళ్లని చూస్తున్నా.

గోదారి_క్లిక్స్
నా పీసీ ఇంటెల్ 9వ తరం. ఇంకో ఖర్చు తగిలించారు కదండీ.

ఎడిటింగ్_సత్తి
భయపడకు. హెచ్.264లో తీసుకో, లేదా ప్రాక్సీలు (తేలికపాటి నకలు ఫైళ్లు) చేసుకుని ఎడిట్ చెయ్యి. జాబ్ వర్క్ అయితే కార్డు ఇచ్చేసి రావడమే, ఆ తలనొప్పి స్టూడియో వాళ్లది.

ఎల్ఈడీ_వాల్
సంగీత్‌లు, ఈవెంట్లే నా పని, హైదరాబాద్. మూడింట్లో ఏది కొన్నా ఈ రెండు గుర్తుపెట్టుకో. ఒకటి, ఎలక్ట్రానిక్ షట్టర్ మోజు. వేదిక వెనక ఎల్ఈడీ గోడ, పైన ఎల్ఈడీ లైట్లు ఉంటే ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. మెకానికల్ షట్టర్‌లో ఉంచు, వీడియోకి 1/50 లేదా 1/100, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. గోడ ఇంకా మిణుకుతుంటే షట్టర్‌ని చిన్న చిన్న భిన్నాల్లో జరిపే సెట్టింగ్ మూడింట్లోనూ వేరే వేరే పేర్లతో ఉంది, దాన్ని వెతికి నేర్చుకో.

రెండు, లేజర్లు. డీజే వాడు లేజర్ జనం మీదకి తిప్పుతుంటే కెమెరా అటు పెట్టకు. డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండర్‌లోంచి తీస్తే, ఫోటో పడే క్షణం తప్ప సెన్సర్ ముందు అద్దం ఉంటుంది. మిర్రర్‌లెస్‌లో సెన్సర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కిరణం నేరుగా పడితే పిక్సెళ్లు కాలి గీత మిగులుతుంది. వారంటీలో అది రాదు.

పాత_రీలు
సైలెంట్ షట్టర్, సైలెంట్ షట్టర్ అని షాపులో ఒకటే ఊదరగొడతారు. గట్టిమేళం మోగుతుంటే నీ షట్టర్ చప్పుడు ఎవడికి వినపడుతుందయ్యా.

ముహూర్తం_మూడింటికి
😂😂 మాస్టారూ

పాపాయి_ఫ్రేమ్స్
నిద్రపోయే పసిపాప దగ్గర వినపడుతుంది మాస్టారూ, మా వర్గానికి అది అవసరమే.

వరంగల్_వైడ్
అసలు ముచ్చటకు రండి. లెన్సులు. సోనీ ఈ మౌంట్ 2010 నుంచి ఉన్నది, ఫుల్ ఫ్రేమ్ ఏ7 2013ల వచ్చింది. నికాన్, కేనన్ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌కి వచ్చింది 2018ల. ఆ గ్యాపుల సిగ్మా, టామ్రాన్ సోనీకి లెన్సులు వరసపెట్టి దించినయి. టామ్రాన్ 28-75 ఎఫ్2.8 జీ2 ఒక్కటి పెట్టుకుని పెళ్లి మొత్తం లాగేస్త, 540 గ్రాములే. పాతది కావాలంటే సెకండ్ హ్యాండ్ మస్తుగ దొరుకుతయి.

కొల్లేరు_కొంగ
సెకండ్ హ్యాండ్ వరకు నీ మాటే కరెక్టు. కానీ టామ్రాన్ 35-150 ఎఫ్2-2.8 ఇప్పుడు నికాన్ జెడ్‌కి కూడా ఉంది, 2023లో వచ్చింది. @గోదారి_క్లిక్స్ నీ 80-200, 85 రెండూ పోయే చోట ఆ ఒక్కటి కూర్చుంటుంది. కిలోకి పైనే బరువు, మెడ సంగతి చూసుకో.

ఇంకో సంగతి, జెడ్ మౌంట్ నుంచి సెన్సర్‌కి దూరం 16 మిల్లీమీటర్లు, సోనీకి 18. ఆ రెండు మిల్లీమీటర్ల సందులో పట్టేంత పల్చటి అడాప్టర్లు ఉన్నాయి, సోనీ లెన్సులు నికాన్ మీద ఆటోఫోకస్‌తో నడుస్తాయి. అదే నికాన్ జెడ్ లెన్సు సోనీ మీదకి ఎక్కదు. అవసరమైతే నీ పక్కోడి లెన్సు నేను అడుక్కోగలను, నువ్వు నాది అడుక్కోలేవు.

వరంగల్_వైడ్
నీ లెన్సు నాకెందుకు అన్నా 😀 అడుక్కునే అవసరం ఎవరికున్నదో నువ్వే చెప్పినవ్.

ముహూర్తం_మూడింటికి
వీడియో కోసమే మారుతున్నాడు కాబట్టి ఆ లెక్క కూడా చూడండి. ఏ7 ఫోర్‌లో 4కే 60 (సెకనుకి 60 ఫ్రేములు) పెడితే ఫ్రేము చుట్టూ కోసేస్తుంది, ఒకటిన్నర రెట్లు. తలంబ్రాలు స్లో మోషన్‌లో కావాలి, మండపం ఇరుకు, వెనక్కి జరుగుదామంటే వెనక మేళం వాళ్లు, వాళ్ల వెనక మేనమామలు. 28-75 అక్కడ 42 నుంచి మొదలవుతుంది. జెడ్6 త్రీ, ఆర్6 మార్క్ టూ రెండూ 4కే 60 పూర్తి వెడల్పులో ఇస్తాయి. పెళ్లి వీడియో తీసేవాడికి ఇది చిన్న విషయం కాదు.

వరంగల్_వైడ్
వైడ్ లెన్సు పెట్టుకుంటం. లేకపోతే 4కే 25లో తీసి స్లో చేసేవి ఫుల్ హెచ్‌డీల తీస్తం. రీల్‌ల ఎవడు చూస్తడు.

ముహూర్తం_మూడింటికి
క్లయింట్‌కి 4కే అని చెప్పి డబ్బు తీసుకుని?

వరంగల్_వైడ్
వైడ్ లెన్సు అని కూడా చెప్పిన కదా, అది వదిలేసినవ్.

బెజవాడ_బ్యాటరీ
జెడ్6 త్రీలో నీడలు లేపితే (ఎడిటింగ్‌లో వెలుగు పెంచితే) నాయిస్ ఎక్కువ అంటున్నారు, నిజమేనా?

కొల్లేరు_కొంగ
తక్కువ ఐఎస్ఓలో పాత జెడ్6 టూ కంటే డైనమిక్ రేంజ్ (వెలుగూ నీడా రెండూ పట్టే శక్తి) కొంచెం తగ్గింది, అది కొలతల్లో తేలిన మాటే. వేగంగా చదివే సెన్సర్ కోసం అది వదులుకున్నారు. మిట్టమధ్యాహ్నం గండికోటలో ప్రీ వెడ్డింగ్ తీసి నీడల్ని నాలుగు స్టాపులు లేపేవాడికి కనిపిస్తుంది. మండపంలో ఐఎస్ఓ 3200 దగ్గర తేడా పట్టించుకోనక్కర్లేదు.

డాలస్_తెనాలి
సమ్మర్‌లో ఇండియా వస్తున్నా, ఇక్కడ సేల్‌లో కొని తెచ్చేదా ఎవరికైనా? ఆఫర్లు బాగుంటాయి.

ఎల్ఈడీ_వాల్
వద్దు బాసూ. చాలా బ్రాండ్లకి అమెరికా వారంటీ ఇక్కడ చెల్లదు, సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేదే ఇండియా బిల్లు. పైగా కస్టమ్స్ టెన్షన్. జపాన్ నుంచి తెప్పించుకుందామనుకునేవాళ్లకి ఇంకో ముచ్చట, అక్కడి దేశీ సోనీ మోడళ్లలో మెనూ జపనీస్ ఒక్కటే ఉంటుంది.

పాపాయి_ఫ్రేమ్స్
గ్రే మార్కెట్ (కంపెనీ ద్వారా రాని దిగుమతి సరుకు) కూడా అంతే. నా మొదటి మిర్రర్‌లెస్ బాడీ అలాంటి షాపులోనే కొన్నాను, కొంత తక్కువకి వచ్చింది. షట్టర్ పోయినప్పుడు ఆ షాపు "మాకు సంబంధం లేదు" అంది, సర్వీస్ సెంటర్ "సీరియల్ నంబర్ ఇండియాది కాదు" అంది. బాగుచేయించే ఖర్చుకి మిగిలిందంతా పోయింది, మధ్యలో రెండు ఆర్డర్లకి కెమెరా అద్దెకి తెచ్చుకున్నా. ఏ బ్రాండో అడగకండి, ఏదైనా అదే కథ.

బెజవాడ_బ్యాటరీ
జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్లు కంపెనీ పేరు మీద బిల్లు రాయించుకోండి. కెమెరాల మీద 18 శాతం, 2019కి ముందు 28 ఉండేది. వ్యాపారానికి వాడేది కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే ఇక్కడ కట్టిన పన్ను మీరు కట్టాల్సిన దాంట్లోంచి తగ్గుతుంది. రెండున్నర లక్షల బిల్లులో దాదాపు 38 వేలు పన్నే. చాలామంది స్టూడియో వాళ్లు ఇంట్లో పేరు మీద బిల్లు చేయించుకుని ఇది వదిలేస్తారు.

గోదారి_క్లిక్స్
నంబర్ లేదు, 20 లక్షలు దాటట్లేదు కదా తీసుకోలేదు.

బెజవాడ_బ్యాటరీ
అయితే నీకు ఇది వర్తించదు. దాని కోసమే నంబర్ తీసుకోకు, తర్వాత ప్రతి ఆర్డర్‌కీ పన్ను కట్టి రిటర్నులు వేసుకుంటూ కూర్చోవాలి.

ముహూర్తం_మూడింటికి
నా లెక్క ఇది. జాబ్ వర్క్‌కి నిన్ను పిలిచేది మూడు నాలుగు స్టూడియోలే అయ్యుంటాయి. వాళ్లకి నేరుగా ఫోన్ చేసి అడుగు, "జెడ్6 త్రీ తెస్తే పిలుస్తారా" అని. వద్దంటే సోనీ కొను, ఇంకేం చూడకు. సంపాదనలో సగం అక్కడి నుంచే వస్తోంది, కెమెరా ఎంత గొప్పదైనా పిలుపు రాకపోతే బీరువాలో ఉంటుంది. పర్లేదంటే నికాన్. నీకు 24-70 ఉంది, మెనూ అలవాటు, జెడ్6 త్రీ వాడే కొత్త 15సీ బ్యాటరీ డీ750లో కూడా వేసుకోవచ్చు, రెండు బాడీలూ చెరో భుజాన వేసుకున్నప్పుడు ఒకటే రకం చార్జర్.

పాత_రీలు
చెయ్యి అలవాటు అనేది కుర్రాళ్లు లెక్కలోకి తీసుకోరు. నికాన్ లెన్సు బిగించేది ఒక వైపు, కేనన్, సోనీ బిగించేది ఇంకో వైపు. మాంగల్యధారణ ముందు లెన్సు మార్చబోతే చెయ్యి పాత వైపుకే పోతుంది.

వరంగల్_వైడ్
వారం రోజుల్లో అలవాటైతది మాస్టారూ. స్కూటీ నుంచి గేర్ల బండికి మారలేదా జనం.

గోదారి_క్లిక్స్
@ముహూర్తం_మూడింటికి చెప్పినట్టు పొద్దున్నే ఫోన్లు చేశా. ఇద్దరు కాకినాడ వాళ్లు, ఒకరు భీమవరం. భీమవరం ఆయన "ఏదైనా పర్లేదు, లాగ్‌లో తీసి ఇవ్వు చాలు" అన్నాడు. కాకినాడలో ఒకాయన సోనీ తప్ప వద్దన్నాడు. ఇంకొకాయన "ఫోటోకి ఏదైనా తెచ్చుకో, వీడియోకి మా కెమెరా ఇస్తాం" అన్నాడు. తేలింది ఏంటో నాకే అర్థం కాలేదు.

ముహూర్తం_మూడింటికి
చాలా తేలింది. సోనీయే కావాలన్నది ముగ్గురిలో ఒక్కరే. ఆయన ఏడాదికి ఇచ్చే డబ్బు, సోనీకి మారడానికి అయ్యే అదనపు ఖర్చు, రెండూ పక్కపక్కన రాసుకో. అదనపు ఖర్చు అంటే కొత్త జూము, గోడాక్స్ ట్రిగ్గర్ (దూరంలోని ఫ్లాష్‌ని వెలిగించేది), బ్యాటరీలు, అన్నీ.

గోదారి_క్లిక్స్
గోడాక్స్ కూడా మారాలా? రెండూ నికాన్ మోడళ్లే.

ఎల్ఈడీ_వాల్
ఫ్లాష్‌లు అమ్మకు. సోనీ కెమెరా నెత్తిన పెట్టుకుంటే టీటీఎల్ (ఫ్లాష్ వెలుగు దానంతటదే సరిపోవడం) రాదు గానీ, స్టాండు మీద పెట్టి వాడితే గోడాక్స్ ఎక్స్ సిస్టమ్‌లో ఏ బ్రాండ్ ట్రిగ్గర్‌తోనైనా ఏ బ్రాండ్ ఫ్లాష్ అయినా మాట్లాడుతుంది. సోనీకి మారితే సోనీ ట్రిగ్గర్ ఒక్కటి కొనుక్కుని, ఈ రెండింటినీ మండపం రెండు మూలలా పెట్టెయ్.

కొల్లేరు_కొంగ
జెడ్5 టూ కూడా చూడు. 2025లో వచ్చింది, జెడ్6 త్రీ కంటే తక్కువ ధర, లోపలి ప్రాసెసర్ అదే ఎక్స్‌పీడ్ 7, రెండు కార్డులూ మామూలు ఎస్‌డీలే. జెడ్6 త్రీలో ఒక స్లాట్‌కి సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్ బీ కార్డు కొనాలి, ఆ కార్డు ధర అడిగి కూర్చో. జెడ్5 టూలో 4కే 60 మాత్రం క్రాప్ అవుతుంది, సెన్సర్ చదివే వేగం కూడా తక్కువ. మిగిలిన డబ్బుతో 35-150కి దారి దొరుకుతుంది.

వరంగల్_వైడ్
ఇంతకుముందు ఏ7 ఫోర్ క్రాప్ అవుతదని నా మీద పడ్డరు, ఇప్పుడు నికాన్ క్రాప్ అయితే పర్లేదా?

కొల్లేరు_కొంగ
నీ మీద పడింది నేను కాదు. అయినా ధరలో తేడా చూడు.

బెజవాడ_బ్యాటరీ
2025 చివర్లో ఏ7 ఫైవ్, ఆర్6 మార్క్ త్రీ రెండూ వచ్చాయి కాబట్టి ఏ7 ఫోర్, ఆర్6 మార్క్ టూ వాడినవి బాగా వస్తున్నాయి. కోఠి వైపు వెళ్తే అడుగు. బిల్లు, బాక్సు, షట్టర్ కౌంట్ చూడకుండా చెయ్యి పెట్టకు. పెళ్లి కెమెరాలు చాలా తిరిగి ఉంటాయి, బయట తళతళ మెరుస్తుంది, లోపల లక్షల క్లిక్కులు.

గోదారి_క్లిక్స్
రాసుకున్నాను. సోనీ కావాలన్న కాకినాడ ఆయన ఏడాదికి ఇచ్చేది అదనపు ఖర్చులో సగం కూడా లేదు. కాబట్టి నికాన్ వైపు మొగ్గుతున్నా, జెడ్6 త్రీయా జెడ్5 టూనా అన్నదే మిగిలింది. ముందు ఒక నిశ్చితార్థం ఉంది, దానికి జెడ్6 త్రీ, ఎఫ్‌టీజెడ్ అద్దెకి తెచ్చుకుని నా 24-70 పెట్టి చూస్తా. అద్దెకి తెచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఎల్ఈడీ_వాల్
ఆధార్, డిపాజిట్ అడుగుతారు. బయటికి వచ్చేముందు షాపు కౌంటర్ మీదే తెల్లకాగితం ఎఫ్16లో తీసి సెన్సర్ మచ్చలు చూడు, మౌంట్ చుట్టూ గీతలుంటే ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకో. రెండు స్లాట్లలోనూ కార్డు వేసి రాస్తుందో లేదో చూడు. మెనూ మొత్తం రీసెట్ కొట్టు, ముందు తెచ్చుకున్నవాడు ఏం మార్చి పెట్టాడో తెలియదు. బ్యాటరీలు రెండు అడుగు, అద్దె బ్యాటరీలు సగం ప్రాణంతో ఉంటాయి.

పాపాయి_ఫ్రేమ్స్
నిశ్చితార్థానికి దాన్ని మెయిన్‌గా పెట్టకండి. డీ750 మెడలోనే ఉంచి, దీన్ని పక్కన వీడియోకి వాడండి.